ఆసుపత్రి మంచం మీద తీసుకున్న వేలిముద్ర చెల్లుతుందా?

ప్రశ్న: అయ్యా, మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి వైపు ఒక పల్లెటూరు. మా ఆయనకు ముప్ఫై ఏళ్లు నిండాయి. జ్యూట్ మిల్లులో కాంట్రాక్టు మీద కార్డింగ్ మిషన్ దగ్గర పని చేసేవాడు. నెలకు పన్నెండు వేలు వచ్చేవి. 2025 ఆగస్టులో రాత్రి షిఫ్టులో మిషన్‌కి నార చుట్టుకుపోతే తీయబోయాడు, కుడిచెయ్యి రోలర్లలో పడింది. చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా పోయాయి. ఉంగరపు వేలు ఉంది గానీ వంగడం లేదు. కాంట్రాక్టరు మాకు మావయ్య వరస అవుతాడు. ఆయనే విశాఖ తీసుకెళ్లి ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించి నలభై వేలు కట్టాడు. "బండి మీంచి పడ్డాడని చెప్పండి, మిల్లు పేరు చెప్తే పోలీసులొస్తారు, వైద్యం లేటవుతాది" అంటే అలాగే చెప్పాం. మూడో రోజు ఒక స్టాంపు కాగితం తెచ్చి, కుడిచేతికి కట్టు ఉంది కదా అని ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకున్నారు. అందులో ఏం రాసుందో మాకు చదివి వినిపించలేదు. ఇప్పుడు అరవై వేలు, గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇస్తాం, ఇంకేమీ అడగమని పెద్దమనుషుల ముందు రాసివ్వండి అంటున్నారు. కాదంటే "గార్డు నీ మొగుడే ఇప్పేశాడు, కేసేస్తే రూపాయి రాదు" అంటున్నారు. గార్డంటే చెయ్యి లోపలికి పోకుండా మిషన్‌కి బిగించే రేకు. దెబ్బ తగిలిన మరునాడే ఆ మిషన్‌కి కొత్త గార్డు బిగించారని మా మరిది చెప్పాడు. ఇద్దరు మరుదులూ అదే కాంట్రాక్టరు కింద పని చేస్తున్నారు, వాళ్ల పని పోతుందని భయం. మా ఆయన ఎవరితోనూ మాట్లాడడం లేదు. పైడితల్లమ్మ పండక్కి చుట్టాలు వస్తే గదిలోంచి బయటికి రాలేదు. అందరూ పడుకున్నాకే అన్నం తింటున్నాడు. లేని వేలు దురద పెడుతోందని రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నాడు. మేం ఏం చెయ్యాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు తొందరగా చెప్పాల్సిన మాట చెప్పేస్తాను. ఆ రాజీ కాగితం మీద మీ ఆయన చేత ఇప్పుడు సంతకం పెట్టించకండి. మావయ్య మీద కత్తి కట్టమని చెప్పడం లేదు. చట్టం లెక్కన మీకు ఎంత రావాలో తెలుసుకున్న తర్వాత పెద్దమనుషుల ముందు కూర్చోండి. లెక్క తెలియకుండా కూర్చుంటే అరవై వేలు దయలా కనిపిస్తుంది. తెలిశాక ఎలా కనిపిస్తుందో కింద చూడండి.

మీరు ఎక్కువ భయపడుతున్నది ఆ వేలిముద్ర గురించి. పనిలో దెబ్బ తిన్న మనిషి తనకు చట్టం ఇచ్చిన పరిహారాన్ని వదులుకుంటున్నానని, తగ్గించుకుంటున్నానని రాసిచ్చిన కాగితం ఆ మేరకు చెల్లదు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో 17వ సెక్షన్ ఈ సంగతి తేటతెల్లంగా చెబుతుంది. వంద రూపాయల స్టాంపు మీద రాసినా, నోటరీ ముద్ర కొట్టించినా అంతే. పైగా మీ ఆయనకు సంతకం చెయ్యడం వచ్చనుకుంటాను. సంతకం వచ్చిన మనిషి చేత వేలిముద్ర ఎందుకు వేయించారన్న ప్రశ్నకు వాళ్లు జవాబు చెప్పుకోవాలి. ఆ తేదీన కుడిచేతికి కట్టు ఉందని, మందుల మత్తులో ఉన్నాడని ఆసుపత్రి కేస్‌షీటే చెబుతుంది. ఆ కేస్‌షీటు నకలు అడిగి తీసుకోండి. రోగి అడిగితే ఇవ్వాల్సిందే. తర్వాత తెలుగులోనే ఒక ఉత్తరం రాయండి. ఫలానా తేదీన ఆసుపత్రిలో ఉండగా మా చేత వేలిముద్ర వేయించుకున్నారు, అందులో ఏముందో చదివి వినిపించలేదు, అది మాకు సమ్మతం కాదు అని. ఒక ప్రతి మిల్లు మేనేజరుకు, ఒకటి కాంట్రాక్టరుకు స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి. ఈ ఉత్తరంలో తిట్లు, శాపనార్థాలు వద్దు. నాలుగు వాక్యాలు చాలు.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఏ దారో తేలకుండా ఏ ప్లీడరు దగ్గరికి వెళ్లినా ఉపయోగం లేదు. మీ ఆయనకు ఈఎస్‌ఐ, అంటే ప్రభుత్వ కార్మిక బీమా, ఉందా? పది మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో నెలకు 21,000 రూపాయల లోపు జీతం తీసుకునే ప్రతి మనిషికీ ఈఎస్‌ఐ ఉండాలి. కాంట్రాక్టు మనిషి అయినా సరే. ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, అంటే పన్నెండు వేలకు 90 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం. జీతం చేతికిచ్చేటప్పుడు ఈ తొంభై కోసేవారా, కార్డో నంబరో ఏమైనా ఇచ్చారా అని మీ ఆయన్ని అడగండి. తెలియదంటే ఆధార్, ఫోన్ నంబరు పట్టుకుని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లండి. అక్కడ తెలుస్తుంది. నంబరు ఉందంటే, అది ఏ తేదీన పుట్టిందో కూడా చూడండి. దెబ్బ తగిలాక హడావిడిగా పేరు ఎక్కించే కాంట్రాక్టర్లు లేకపోలేదు.

పేరు ఎక్కించకపోయినా, చందా కట్టకపోయినా, ఆ మిల్లు ఈఎస్‌ఐ కిందికి వచ్చేదైతే మీ ఆయన హక్కు పోదు. పనిలో తగిలిన దెబ్బకు ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజు జరిగినా వర్తిస్తుంది. యజమాని ఎగ్గొట్టిన చందాను కార్పొరేషనే వసూలు చేసుకుంటుంది. ఈఎస్‌ఐ దారిలో వైద్యం ఉచితం, పనిలోకి వెళ్లలేని రోజులకు కూలిలో దాదాపు 90 శాతం వస్తుంది. శాశ్వతంగా పోయినదానికి మెడికల్ బోర్డు శాతం కట్టి, ఆ లెక్కన జీవితాంతం నెలనెలా ఇస్తారు. ఇరవై శాతం అనుకుంటే, పన్నెండు వేల జీతానికి నెలకు సుమారు 2,160 రూపాయలు. ముప్ఫై ఏళ్ల మనిషికి ఇది బతికున్నన్నాళ్లూ వచ్చే డబ్బు, చిన్నది అనుకోకండి. అయితే ఈఎస్‌ఐ వర్తించే మనిషి అదే దెబ్బకు కాంపెన్సేషన్ కేసు వేయడానికి లేదు. రెండింటిలో ఒకటే.

ఈఎస్‌ఐ వర్తించదని తేలితే అప్పుడు కాంపెన్సేషన్. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి పాత చట్టాలు అందులో కలిసిపోయాయి. మీ ఆయనకు దెబ్బ తగిలింది ఆగస్టులో కాబట్టి పాత 1923 చట్టం ప్రకారమే లెక్క కడతారు. ఆ లెక్క బ్రహ్మవిద్యేమీ కాదు. నెల జీతంలో 60 శాతం తీసుకోవాలి. పన్నెండు వేలలో 7,200. దాన్ని వయసుకు చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చవేయాలి. ముప్ఫై ఏళ్లకు అది 207.98. వచ్చేది 14,97,456 రూపాయలు. ఇది మనిషి పూర్తిగా పనికిరాకుండా పోతే వచ్చే మొత్తం. ఇందులో వేళ్లకు ఎంత శాతమో చట్టంలోనే పట్టిక ఉంది. ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20 శాతం. అంటే 2,99,491 రూపాయలు.

వాళ్లు ఇస్తానంటున్నది అరవై వేలు.

ఇంకో మెలిక ఉంది. మీరు ఒక వాక్యంలో రాసి వదిలేశారు గానీ నా చూపు అక్కడే ఆగింది. ఉంగరపు వేలు ఉంది గానీ వంగడం లేదన్నారు. అవయవం ఉన్నా శాశ్వతంగా, పూర్తిగా ఉపయోగం లేకుండా పోతే అది పోయినట్టే లెక్క అని అదే పట్టిక కింద రాసి ఉంది. మూడు వేళ్లు పోతే 30 శాతం, అంటే 4,49,237 రూపాయలు. ఒక్క వేలు వంగడం, వంగకపోవడం మధ్య లక్షన్నర తేడా ఉంది. మీ మేలు కోరి చెబుతున్నాను, మీరూ ఆ వేలు వంగాలనే కోరుకోండి, ఫిజియోథెరపీ మానకండి. కానీ గాయం మాని, నరాలు ఎంతవరకు పనిచేస్తాయో డాక్టరు తేల్చి రాసేదాకా ఏ మొత్తానికీ ఒప్పుకోకూడదు. ఆ సర్టిఫికెట్లో ఉంగరపు వేలి మాట విడిగా రాయించండి. రాయకపోతే లేనట్టే.

ఇక్కడే ఇంకో సంగతి. సదరం సర్టిఫికెట్లో వచ్చే శాతం వేరు, ఈ పట్టికలోని శాతం వేరు. సదరంలో నలభై శాతం రాలేదు, పింఛను రాదన్నారు కాబట్టి కాంపెన్సేషనూ రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ దరఖాస్తు దారి దానిది.

ఆసుపత్రికి కట్టిన నలభై వేలు మినహాయించుకుంటామని కూడా అనొచ్చు. కుదరదు. వైద్యానికి పెట్టిన ఖర్చు యజమాని భరించాల్సిందే, దాన్ని పరిహారంలో చెల్లు వేయడానికి చట్టం ఒప్పుకోదు. మీరు సొంతంగా పెట్టిన మందుల డబ్బులు, విశాఖలో చేసిన స్కానింగు బిల్లులు కూడా అడగొచ్చు. బిల్లులు దాచండి. ప్రమాదం జరిగిన నెల రోజుల్లో పరిహారం కట్టకపోతే ఏటా 12 శాతం వడ్డీ. మీ లెక్కన నెలకు మూడు వేల దాకా పెరుగుతూ ఉంటుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేశారని తేలితే సొమ్ములో సగం వరకు పెనాల్టీ కూడా వేయొచ్చు. కాబట్టి "లేటు చేస్తే మీకే నష్టం" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. కేసు వేయడానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది. అంటే 2027 ఆగస్టు. అయినా అంతదాకా ఆగొద్దు, సాక్షులు ఊళ్లు మారిపోతారు.

ఇప్పుడు గార్డు సంగతి. మిల్లు చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

కార్డింగ్ మిషన్ చూడనివాళ్ల కోసం: ఒక పెద్ద సిలిండరు, దాని చుట్టూ చిన్న రోలర్లు, అన్నిటి ఒంటి నిండా ఉక్కు ముళ్లు. జనపనారను అవి చీల్చి దువ్వి మెత్తటి పట్టీలా బయటికి వదులుతాయి. నార లోపలికి వెళ్లే చోట రెండు రోలర్లు ఎదురెదురుగా లోపలివైపు తిరుగుతాయి. నార తడి ఎక్కువైనా, ముద్దగా వచ్చినా అక్కడ చుట్టుకుపోతుంది. దాన్నే చోక్ అంటారు. రూలు ప్రకారం మిషన్ ఆపాలి. ఆపి, సిలిండరు పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. స్విచ్ కట్టేసినా ఆ బరువుకి అది కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు బోల్టులు విప్పి, గార్డు తీసి, నార లాగి, మళ్లీ గార్డు బిగించి నడపాలి. ఒక షిఫ్టులో పదిసార్లు చోక్ అయితే పదిసార్లూ ఇదంతా చెయ్యాలి. పానా మేస్త్రీ దగ్గర ఉంటుంది. మేస్త్రీ ఇంకో లైనులో ఉంటాడు. ఈలోగా ముందు మిషన్ నుంచి నార వచ్చి పడుతూనే ఉంటుంది. తెల్లారి ఉత్పత్తి ఎంతొచ్చిందని అడిగేది ఈ కార్మికుణ్ణే. అందుకని ఎప్పుడో ఒక రోజు గార్డు విప్పి గోడకు ఆనించేస్తారు. మళ్లీ బిగించమని ఎవరూ అడగరు. మేనేజరు రోజూ దాని పక్కనుంచే నడిచి వెళతాడు. చెయ్యి పడిన మరుక్షణం అందరికీ ఆ గార్డు గుర్తొస్తుంది, అదీ కార్మికుడి పేరుతో.

చట్టం ఏమంటుందంటే, గార్డు పేరు చెప్పి యజమాని తప్పించుకోవాలంటే, అది భద్రత కోసం పెట్టిందని తెలిసి కూడా కార్మికుడు కావాలనే దాన్ని తీసేసి గానీ, లెక్కచెయ్యకుండా గానీ ఉండాలి. ఆ మాట నిరూపించాల్సింది కూడా యజమానే. కార్మికుడు పొరపాటు చేశాడు, అజాగ్రత్తగా ఉన్నాడు, నిద్రమత్తులో ఉన్నాడు అన్నంత మాత్రాన పరిహారం ఆగదు. మీ మరుదుల్ని కూర్చోబెట్టి ఇవి అడగండి. ఆ రాత్రి అసలు గార్డు మిషన్ మీద ఉందా, ఎన్నాళ్లుగా లేదు? పానా ఎవరి దగ్గర ఉండేది? నడుస్తున్న మిషన్‌లో చెయ్యి పెట్టొద్దని ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా, గోడ మీద తెలుగులో బోర్డు ఉందా? పక్క మిషన్లకు గార్డులు ఉన్నాయా? ఆ రోజు మీ ఆయన ఒక షిఫ్టు చేశాడా, రెండు షిఫ్టులు వరసగా చేశాడా?

మరునాడు బిగించిన కొత్త గార్డే మీకు మంచి సాక్ష్యం. నిన్నటిదాకా గార్డు ఉండి, మీ ఆయనే విప్పి ఉంటే ఆ పాతదాన్నే మళ్లీ బిగించేవారు. కొత్త రేకు కోసి, కొత్త బోల్టులు వేసి, పాత మిషన్ రంగుతో కలవని గార్డు పెట్టారంటే పాతది అక్కడ లేదన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అలాగని మీ మరిదిని లోపలికి ఫోన్ తీసుకెళ్లి ఫొటో తియ్యమనకండి. దొరికితే ముందు అతని పని పోతుంది. ఏ రోజు, ఎవరు బిగించారు, ఎక్కడి వెల్డరు వచ్చాడు అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే చాలు. కదిలే యంత్రానికి గట్టి రక్షణ ఉంచడం యజమాని బాధ్యత అని, ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. నలభై ఎనిమిది గంటలకు మించి మనిషి పనిలోకి రాలేని ప్రమాదం జరిగితే మేనేజరు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు నోటీసు పంపాలి. పంపారో లేదో పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో తెలుస్తుంది. పంపలేదని జవాబొస్తే, దాచిపెట్టినవాళ్లు ఎవరో ఆ జవాబే చెబుతుంది.

బండి మీంచి పడ్డాడని చెప్పడం మాత్రం మీ కేసులో బలహీనమైన చోటు. దీన్ని ఇప్పుడే సరిచేసుకోవాలి. మీరొక్కరే కాదు, మిల్లుల్లో, రైసు మిల్లుల్లో, గ్రానైట్ యూనిట్లలో దెబ్బ తిన్న ప్రతి మనిషి చెవిలోనూ ఆసుపత్రి గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఈ మాట ఊదుతారు. నిజానికి పనిలో ప్రమాదమని చెప్పినంత మాత్రాన వైద్యం ఆపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. అయితే గాయమే అబద్ధం చెప్పదు. రోడ్డు మీద పడితే చర్మం గీసుకుపోతుంది, మోకాలికీ భుజానికీ దెబ్బలుంటాయి. రోలర్లలో నలిగిన వేళ్లకు ఎముక ముక్కలై ఉంటుంది, ఉక్కు ముళ్లు గుచ్చుకున్న గుర్తులుంటాయి. కేస్‌షీటులో, ఎక్స్‌రేలో అదంతా ఉంటుంది. ఆపరేషన్ చేసిన డాక్టర్ని కలిసి, నిజం ఇదీ, భయంతో అలా చెప్పామని లిఖితంగా ఇచ్చి, గాయం తీరు ఎలా ఉందో రాసివ్వమని అడగండి. పాత కాగితాన్ని దిద్దమని బతిమాలకండి. దిద్దిన కాగితం కన్నా, అబద్ధం ఎందుకు చెప్పాల్సి వచ్చిందో చెప్పిన కాగితమే నిలుస్తుంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నట్టు గేటు రిజిస్టరు, హాజరు, వారం కూలి ఫోన్‌పేలో పడిన వివరాలు, ఎవరెవరికి ఏ టైములో ఫోన్లు వెళ్లాయో అన్నీ ఒకచోట పెట్టండి. జీతం ఎనిమిది వేలే అని వాళ్లు రేపు కాగితం తీస్తే ఆ ఫోన్‌పే లెక్కలే అడ్డుపడతాయి.

మావయ్య వరస గురించి. పల్లెల్లో కాంట్రాక్టరు తరచు మన మనిషే అవుతాడు. పని ఇప్పించినవాడు, పెళ్లికి చదివింపులు రాసినవాడు. మిల్లువాళ్లకు కూడా అదే కావాలి, మనిషికీ మిల్లుకీ మధ్య ఒక చుట్టరికం ఉంటే తగువు మిల్లు గేటు దాకా రాదు. మీకు ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, కాంట్రాక్టు పనివాడికి పరిహారం నేరుగా మిల్లునే అడగొచ్చు. 1923 చట్టం 12వ సెక్షన్ కింద మిల్లు కట్టాలి. కట్టిన తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం, మానుకోవడం వాళ్లిద్దరి లెక్క. అలాగని మావయ్యకు ఏమీ అంటదని మాత్రం చెప్పను, మిల్లు ఆయన మీద పడే అవకాశం ఉంది. అది ముందే ఆయనకు మర్యాదగా చెప్పండి. "మావయ్యా, మేం అడిగేది మిల్లుని. నువ్వు నిజం చెప్పు చాలు" అనండి. ఆసుపత్రికి పరిగెత్తి నలభై వేలు కట్టిన మనిషి. ఆయన మంచితనం అబద్ధమని నేననను, ఆ భయమూ నిజమే.

రాజీ పడదామని మీకే అనిపిస్తే పడండి, నేరమేమీ లేదు. కోర్టు చుట్టూ తిరగడం అందరి వల్లా కాదు. కానీ రచ్చబండ దగ్గర రాసిన కాగితం చాలదు. పరిహారం కింద మొత్తం సొమ్ముకు ఒప్పందం చేసుకుంటే ఆ కాగితాన్ని కార్మిక శాఖలో నష్టపరిహార కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయించాలి. సొమ్ము మరీ తక్కువైనా, మోసంతో రాయించుకున్నదైనా ఆయన రిజిస్టరు చెయ్యనని చెప్పగలడు. రిజిస్టరు కాని ఒప్పందాన్ని చూపించి యజమాని పూర్తి పరిహారం నుంచి తప్పించుకోలేడు. పెద్దమనుషులు ఒప్పుకుంటే "సరే బాబూ, మాట అనుకుందాం, కాగితం మాత్రం విజయనగరంలో రాసుకుందాం" అనండి. అక్కడికి రానంటే ఎందుకు రానంటున్నారో ఊరందరికీ అర్థమవుతుంది.

ప్లీడరు ఫీజుకు భయపడకండి. ఆడవాళ్లకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. ఊరికే ఒక సంగతి చెబుతాను. పని చేస్తూ చెయ్యి పోగొట్టుకున్న ఒక వడ్రంగి కేసులో 1975లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ ప్రమాదం జరిగింది ఎక్కడో కాదు, సాలూరు ఘాట్ ఎక్కి వెళితే వచ్చే ఒడిశా జయపూర్‌లో. ఒక చేత్తో వడ్రంగం చెయ్యలేడు కాబట్టి అతని పని నూటికి నూరుపాళ్లూ పోయినట్టే అంది కోర్టు, పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ పడినట్టు అని కూడా చెప్పింది. రెండు మూడు వేళ్లకు నూరు శాతం వస్తుందని మీకు ఆశ పెట్టను. మీ ఆయన చేసే పని ఏమిటి, ఆ చేత్తో అది ఇక చెయ్యగలడా అన్న ప్రశ్న అడగొచ్చని చెప్పడానికే ఇది రాశాను.

వాచ్‌మన్ పని మాట నోటితో వద్దు. ఉద్యోగం మిల్లు పేరు మీదో కాంట్రాక్టరు పేరు మీదో, జీతం ఎంతో, ఎప్పటి నుంచో రాసిస్తే పుచ్చుకోండి. దానికీ పరిహారానికీ సంబంధం లేదు. ఉద్యోగం ఇచ్చాం కదా అని పరిహారం తగ్గించుకోనివ్వొద్దు.

ఇక మీ ఆయన. లేని వేలు దురద పెట్టడం పిచ్చి కాదు, గాలి సోకడం అసలే కాదు. వేలు పోయినా ఆ వేలి కబురు మోసే నరం చేతిలో, దాన్ని అందుకునే చోటు మెదడులో అలాగే ఉన్నాయి. చాలామందికి ఇలా ఉంటుంది, ఎక్కువమందిలో రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. తెగిన చోట మెత్తటి గుడ్డతో, తర్వాత కాస్త గరుకు గుడ్డతో రోజూ కొద్దిసేపు నిమరమని ఫిజియోథెరపిస్టులు చెబుతారు. మంచి చేతిని అద్దంలో చూస్తూ కదిపే వ్యాయామం కూడా ఉంది. నొప్పి మంటలా పొడుస్తుంటే నరాలకు మందులున్నాయి, డాక్టరుతో దాచకుండా చెప్పాలి.

అన్నం సంగతి మందులతో తీరేది కాదు. కుడిచేత్తో ముద్ద కలపలేక, ఎడమచేత్తో తినడానికి సిగ్గుపడి, స్పూను పట్టుకుంటే పిల్లలు చూస్తారని అందరూ పడుకునేదాకా ఆగుతున్నాడు. మీరు కలిపి పెడతానంటే ఇంకా ముడుచుకుపోతాడు. ఒక పని చేసి చూడండి. ఇంట్లో అందరికీ స్పూన్లు వెయ్యండి, కొన్నాళ్లు. ఎందుకని ఎవరూ అడగకూడదు, మీరు చెప్పకూడదు. పొద్దున్న చోడి అంబలి గ్లాసులో ఇస్తే ఏ చేత్తోనైనా తాగొచ్చు, అక్కడి నుంచి మొదలుపెట్టినా సరే. రెండు వారాల్లో మార్పు లేకపోయినా, బతికి ఏం లాభం లాంటి మాటలు నోటివెంట వచ్చినా 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అని, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ మాటలు వస్తే మాత్రం రెండు వారాలు ఆగకండి.

మీ మరుదుల పని గురించి మీరు పడుతున్న టెన్షన్ నాకు అర్థమవుతోంది. వాళ్లను ఇప్పుడే సాక్ష్యానికి నిలబెట్టక్కర్లేదు. గేటు రిజిస్టరు, ఆసుపత్రి కాగితాలు, ఇన్‌స్పెక్టరు జవాబు వచ్చాక వాళ్ల అవసరమే ఉండకపోవచ్చు. కానీ వాళ్లు కూడా అవే మిషన్ల ముందు నిలబడుతున్నారు. మిగతా మిషన్లకు గార్డులు లేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు చెప్పమనండి. ఫిర్యాదు చేసింది ఎవరన్నది ఆయన బయటపెట్టకూడదు, అది చట్టమే. ఈ రాత్రి నుంచే ఇద్దరూ పాటించాల్సినవి రెండున్నాయి. చోక్ అయితే సిలిండరు నిలిచేదాకా చేతులు వెనక్కి. మెడలో కండువా, వదులు చొక్కా చేతులు వద్దు.

ఇది చదివే మిగతావాళ్లకు కూడా ఒక మాట. వేలు తెగిపడితే దాన్ని నేరుగా ఐసులో వెయ్యకండి, ఐసు తగిలిన కండ పాడవుతుంది. శుభ్రమైన నీళ్లతో కడిగి, తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవర్ని ఐసు నీళ్లలో పెట్టి మనిషితో పాటే తీసుకెళ్లండి. నలిగిన వేలు అతకడం కష్టమే గానీ, ఆ సంగతి తేల్చాల్సింది డాక్టరు.

మీరు ఈ వారం చెయ్యాల్సినవి: ఈఎస్‌ఐ ఆఫీసు, కేస్‌షీటు నకలు, వేలిముద్ర మీద ఉత్తరం. ఈఎస్‌ఐ ఉందో లేదో తేలగానే మళ్లీ రాయండి. ఉందంటే మెడికల్ బోర్డు ముందు ఏం చెప్పాలో, లేదంటే కమిషనర్ దగ్గర దరఖాస్తు ఎలా నింపాలో వచ్చే జవాబులో రాస్తాను. పేర్లు, ఆధార్ నంబర్లు కనిపించకుండా గీత కొట్టి, డిశ్చార్జి కాగితం జిరాక్సు జత చెయ్యండి.